కొత్త మామిడి ఏ రోజున? ఒడిశా సరిహద్దు వంటింట్లో మూడు పంచాంగాలు

రాయగడ, గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి పట్టణాల తెలుగు ఇళ్ళలో ఆ ఏటి మామిడికాయ మొదటిసారి వంటింట్లోకి వచ్చే రోజు ఏదని అడిగితే చాలామంది ఉగాది అంటారు. పక్కనున్న ఒడియా ఇంటివారికి వేసవి వంట లాంఛనంగా మొదలయ్యేది ఏప్రిల్ నడిమిలో వచ్చే పణా సంక్రాంతితో. ఆ ఊళ్ళ సంతలకు కొండ దిగి వచ్చే కొంధు, సవర కుటుంబాలలో మాత్రం తమ ఊరి పండుగ జరిగేదాకా కొత్త మామిడి ముట్టకూడదన్న ఆచారం ఉంది. ఆ పండుగ తేదీ గోడ క్యాలెండరులో దొరకదు, ఒక్కొక్కసారి పక్క ఊరి తేదీతో కూడా కలవదు. చెట్టు అదే, కాయ అదే, వాన కూడా అందరికీ ఒకటే అయినప్పుడు మొదటి ముద్ద తినే రోజు ఇన్ని రకాలుగా ఎందుకు ఉంటుందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

వీటన్నిటినీ ఋతువుల పండుగలని ఒకే గాటన కట్టి, పెద్దలు అన్నీ ఆలోచించే పెట్టారని ముగించడం ఇటీవల అలవాటయింది. దగ్గరగా చూస్తే ఇక్కడ మూడు వేర్వేరు లెక్కలు నడుస్తున్నాయి. ఒకటి చంద్రుణ్ణి బట్టి, రెండోది సూర్యుణ్ణి బట్టి, మూడోది చెట్టును బట్టి సాగుతుంది. ఏ వంటకం ఏ లెక్కకు కట్టుబడి ఉందో తెలిస్తే, కొన్ని పండుగల వంట ఏటా సాఫీగా సాగిపోవడానికీ, కొన్నిటికి ఒక్కో ఏడాది సరుకు దొరక్క ఇల్లాలు తిప్పలు పడడానికీ కారణం అర్థమవుతుంది.

ఈ మూడు లెక్కలు ఒకే వీధిలో చేరడానికి వెనుక చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు కోరాపుట్, రాయగడ కొండలు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలో భాగం. పర్లాకిమిడి సంస్థానం అప్పుడే రెండుగా చీలి, కొంత ఒడిశాకు పోగా మిగిలింది నేటి శ్రీకాకుళం వైపు నిలిచింది. 1992 అక్టోబరు 2న రాయగడ, గజపతి వేరు జిల్లాలయ్యాయి. నాగావళి, వంశధార మాత్రం ఈ గీతలతో పని లేకుండా అటు నుంచి ఇటు పారుతూనే ఉన్నాయి, వాటి వెంట చుట్టరికాలూ వంటలూ సాగాయి. అందుకే ఇక్కడి తెలుగువారు తెలుగు పంచాంగం ప్రకారం పండుగ చేసుకుంటూ, ఒడియా పండుగలకు సెలవులు తీసుకుంటూ, కొండవారి పంటను సంతలో కొంటూ బతుకుతున్నారు.

మొదట చంద్రుడి లెక్క. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు గనుక సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ పడుతుంది, ఆ లోటు పూడ్చడానికి దాదాపు మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. దీనివల్ల ఉగాది ఒకచోట నిలవదు. 2024లో అది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. మనుషులకు ఈ మూడు వారాల తేడా పెద్దది కాదు గాని, మామిడికీ వేపకూ అది చాలా పెద్దది. ఏప్రిల్ రెండో వారంలో పులుపెక్కిన కాయ దొరుకుతుంది, మార్చి మూడో వారంలో చాలా చెట్లకు వగరు పిందెలే ఉంటాయి, వేప ఇంకా సరిగా పూయకపోవచ్చు. ఏడాది క్రితపు వేపపువ్వును నీడలో ఎండబెట్టి డబ్బాలో దాచుకునే అలవాటు చారులోకి మాత్రమే కాదు, తొందరపడి వచ్చే ఉగాదికి కూడా అక్కరకు వస్తుంది.

ఒడియావారి చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. అందుచేత మనం ఫాల్గుణ బహుళం అనే పదిహేను రోజులను వారు అప్పటికే చైత్రం అంటారు. చైత్ర మంగళవారాల పూజ ఒడియా ఇంట్లో మొదలైనప్పుడు తెలుగు ఇంట్లో ఇంకా ఉగాది రాకపోవడంలో వింత లేదు. ఉగాది ముందురోజు వచ్చే మన కొత్త అమావాస్య కూడా వారి లెక్కలో చైత్రపు నడుమనే పడుతుంది.

చాంద్రమాన పండుగల వంటలను వరుసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. శ్రీరామనవమి పానకానికి బెల్లం, మిరియాలు, ఏలకులు కావాలి. వినాయక చవితి ఉండ్రాళ్ళకు బియ్యపురవ్వ, దీపావళి పిండివంటలకు పప్పులు, నూనె చాలు. ఇవన్నీ ఇంట్లో నిల్వ ఉండే సరుకులు గనుక పండుగ ముందుకు జరిగినా వెనక్కు జరిగినా పొయ్యికి ఇబ్బంది లేదు. ఉగాది పచ్చడి మాత్రం ఆ వారంలో చెట్టు మీద ఉన్నదాన్నే అడుగుతుంది. జరిగే తేదీకీ జరగని చెట్టుకూ పొత్తు కుదర్చాల్సిన భారం దానికొక్కదానికే ఎక్కువ.

సూర్యుడి లెక్కలో ఈ చిక్కు లేదు. ఒడిశాలో కొత్త సంవత్సరంగా భావించే పణా సంక్రాంతి ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంది. ఆ రోజు తాగే బేల పణాకు పండిన మారేడు కావాలి, అది ఆ వేళకు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మారేడు పండును పగలగొట్టి గుజ్జును నీళ్ళలో చేత్తో పిసికి, గింజలూ పీచూ వడకట్టి, బెల్లం, మిరియాల పొడి, కొబ్బరి తురుము కలుపుతారు. కొందరు పాలు, అరటిపండు, పేలపిండి కూడా వేస్తారు. గింజ నలిగితే జిగురూ చేదూ దిగుతాయి గనుక మిక్సీలో వేయకపోవడమే మేలు. నవమి పానకం గ్లాసులు కడిగిన కొద్ది రోజులకే సంక్రాంతి పణా కలిపే తెలుగు ఇళ్ళు పర్లాకిమిడిలో కొత్త కాదు.

జూన్ నడిమిలో వచ్చే రజ పండుగ కూడా మిథున సంక్రమణాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ మూడు రోజులు భూమి బహిష్టులో ఉంటుందని నమ్మిక. దున్నడం, తవ్వడం, కూరగాయ కోయడం చేయరు. వంట తగ్గించుకోవాలి గనుక ముందురోజే పోడొ పిఠా కాల్చుకుంటారు. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి ముక్కలు, అల్లం, మిరియాలు కలిపి, ఆకు పరిచిన గిన్నెలో పోసి, పైనా కిందా నిప్పులు పెట్టి రాత్రంతా సన్నని సెగ మీద ఉంచితే అడుగూ అంచూ నల్లబడి, లోపల మెత్తగా ఉడుకుతుంది. మన దిబ్బరొట్టె తిన్నవారికి ఇది దాని తీపి చుట్టంలా తోస్తుంది. నిదానంగా కాలడం వల్ల తేమ తగ్గి, బెల్లం కూడా తోడై, రెండు మూడు రోజులు పాడు కాదు.

ఇక్కడే చంద్రుడూ సూర్యుడూ ఎదురుపడతారు. తెలుగు రైతు దుక్కి మొదలుపెట్టే ఏరువాక జ్యేష్ఠ పౌర్ణమి నాడు వస్తుంది. 2022లో ఆ పౌర్ణమి జూన్ 14న పడింది, రజ మొదలైనదీ ఆ రోజే. అంటే పక్కపక్క పొలాల్లో ఒకరికి అది నాగలి కట్టి తీరవలసిన రోజు, మరొకరికి భూమిని తాకకూడని రోజు. రెండు పండుగలూ ఎదురుచూసేది ఒకే నైరుతి వానకోసం. వాన సూర్యుడి గమనాన్ని అనుసరించి జూన్ రెండో వారం ప్రాంతంలో ఇక్కడికి వస్తుంది గనుక, కాలాన్ని పట్టుకోవడంలో రజ లెక్కే మెరుగని చెప్పడానికి తెలుగువాణ్ణయినా నాకు మొహమాటం లేదు. ఏరువాక కొన్నేళ్ళు జూన్ మొదట్లోనే వచ్చి పొడినేల మీద నాగలి పెట్టిస్తుంది, అధికమాసం పడిన ఏడు నెలాఖరుకు జరిగిపోతుంది.

మూడోదైన చెట్టు లెక్క అన్నిటికంటే తక్కువ అర్థమైనది. కోరాపుట్ కొండల్లో చైత్ర పర్వం, దాన్ని ఆనుకున్న ఆంధ్ర మన్యంలో ఇటుకల పండుగ, ఊరూరా విడిగా జరుగుతాయి. చైత్రమాసం పొడవునా వీటికి అవకాశం ఉన్నా, ఏ రోజు జరపాలన్నది ఊరే తేల్చుకుంటుంది. దిశారి నక్షత్రమూ ముహూర్తమూ చూస్తాడు, జానీ ఊరి దేవతకు పూజ చేస్తాడు. గ్రామదేవత కొలువైన నిశాని రాళ్ళ దగ్గరకు ఇంటింటి నుంచీ విత్తనాలు తెస్తారు, కోడినో గుడ్డునో అర్పించి, పూజలో ఉంచిన గింజలను తిరిగి పంచి, ఎవరి విత్తనంలో వారు కలుపుకుంటారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో చేర్చినప్పుడు లెక్కలోకి తీసుకున్న నాటు వరి, చిరుధాన్య రకాలు ఇలాంటి ఇంటింటి గింజల బుట్టల్లోనే ఇన్నాళ్ళూ నిలిచాయి. వేట కూడా ఈ పండుగలో భాగంగా ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది నేరమే. కొత్త మామిడి దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టిన తరువాతే మనుషుల నోటికి వస్తుంది.

ఊరికొక తేదీ ఎందుకన్నదానికి నేల వాలు కొంత జవాబు చెబుతుంది. వంశధార లోయలోని గుణుపురం దగ్గర కాయ టెంక పట్టే వేళకు, దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న కోరాపుట్ పీఠభూమి మీద అదే మామిడి ఇంకా లేత పిందెగా ఉంటుంది. రెండు చోట్లకూ పనికివచ్చే తేదీని ఏ సిద్ధాంతీ రాయలేడు.

అయితే ఈ నిషేధం ఎందుకు పుట్టింది? చెట్టును కాపాడడానికి, విత్తనం ముదరడానికి అన్న వివరణ తరచు వినిపిస్తుంది. నాకది పూర్తిగా ఒప్పుదలగా లేదు. మామిడి పట్టిన పిందెల్లో అత్యధిక భాగాన్ని తానే రాల్చేసుకుంటుంది. పండుగ వచ్చే చైత్రంలో కాయ ఇంకా పచ్చిదే, మొలకెత్తే టెంక తయారయ్యేది పండిన తరువాత. చెట్టు కోసమే అయితే పండుగను జ్యేష్ఠంలో పెట్టుకునేవారు. లేతకాయ సొన నోరు పొక్కిస్తుందన్నది నిజమే గాని, దానికి ఊరంతా కట్టుబాటు అక్కరలేదు, ఒకసారి పొక్కినవాడే మానుకుంటాడు.

మూడో వివరణ నాకు బలంగా కనిపిస్తుంది. కొండమీది మామిడి చెట్లలో చాలావాటికి ఒక్క యజమాని ఉండడు. వాగు ఒడ్డునా పోడు గట్లమీదా పెరిగిన చెట్టు కాయను అందరూ కోసుకోవచ్చు. అటువంటిచోట ముందు నిద్ర లేచినవాడు, చెట్టెక్కగల వయసు మగవాళ్ళున్న ఇల్లు మొత్తం దులుపుకుపోకుండా, ముసలివాళ్ళకూ ఒంటరి ఆడవాళ్ళకూ వంతు మిగలాలంటే అందరూ ఒకే రోజున మొదలుపెట్టడం ఒక మార్గం. ఆచారం పాటించేవారు మాత్రం ఇదేమీ చెప్పరు. పెద్దలకు పెట్టకుండా తింటే జబ్బు చేస్తుందనో, పులి ఎదురవుతుందనో చెబుతారు. వారి మాటను పక్కకు నెట్టి మనకు నచ్చిన శాస్త్రాన్ని వారి నోట పెట్టడం మర్యాద కాదు. పెద్దల వంతు ముందు తీయడమూ బతికున్నవారి వంతులు కాపాడడమూ ఒకే కట్టుబాటుకు రెండు ముఖాలని చెప్పుకోవచ్చు.

పక్కనే ఉన్న ఇప్పపువ్వును గమనిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఇప్పపువ్వు రాత్రి విచ్చి తెల్లవారకముందే రాలుతుంది, రాలినదాన్నే ఏరుకుంటారు. కాయ కట్టే భాగం కొమ్మమీదే ఉండిపోతుంది గనుక పువ్వు ఏరితే గింజకు నష్టం లేదు. తొందరపడి కోయడానికి ఏమీ లేనిచోట తగవంతా ఏ చెట్టు ఎవరిదన్న దగ్గరే ఉంటుంది. కింద ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేసుకునే అలవాటు వల్ల అడవి అంటుకోవడం వేరే సమస్య. పువ్వులోని కేసరాలు తీసి ఎండబెట్టి, దోరగా వేయించి నువ్వులతో దంచిన ముద్ద సారా సంగతి తప్ప ఇప్ప గురించి మరేమీ వినని పట్టణవాసికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

పండుగ దాటాక మామిడి వంటింట్లోకి నిజంగా ప్రవేశిస్తుంది. చోడి (రాగి) అంబలిలోకి పచ్చిమామిడి ముక్క, ఉప్పు, పచ్చిమిరప ఉంటే కొండమీద మధ్యాహ్నం గడిచిపోతుంది. ముక్కలు కోసి ఉప్పు పట్టించి ఎండబెడితే తెలుగు ఇంట్లో మామిడి ఒరుగు, ఒడియా ఇంట్లో ఆంబుల. ఒరుగును మనం పప్పులోకీ పులుసులోకీ వాడతాం. వారు ఆంబులను నానబెట్టి, ఆవపిండి, పెరుగు, కొంచెం బెల్లం కలిపి పొయ్యి మీద పెట్టకుండానే ఆంబుల రాయి చేస్తారు. లేత పనస కూడా ఈ కాలానిదే. ఉత్తరాంధ్ర పనసపొట్టు కూరలో పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి నీరు పిండి, చింతపండు పులుసుతో తాలింపులో మగ్గించి, పొయ్యి దింపి కొంచెం చల్లారాకే ఆవముద్ద కలుపుతారు. ఆవాల ఘాటు, వాటిని చల్లని నీటితో నూరినప్పుడు గింజలోని ఎంజైము పనిచేయడం వల్ల పుడుతుంది, వేడి తగిలితే ఎగిరిపోతుంది. ఒడియా బేసరలో ఆవముద్దను ఉడికిస్తారు గనుక ఘాటు తగ్గి కమ్మదనం మిగులుతుంది. ఏది గొప్పదన్న వాదన రెండు భాషలూ మాట్లాడే కుటుంబాల్లో ఎన్నటికీ తెగదు, నేను దింపాక కలిపే పక్షం.

మామిడి కథ పండుతో అయిపోదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పాత ధాన్యం అడుగంటి కొత్తది రాని నెలల్లో మామిడి టెంకలోని జీడి కొండ కుటుంబాలకు తిండి. జీడిని వగరు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, దంచి, ఆ పిండితో జావ కాస్తారు. ఒగరు ఎక్కువైనా ఇది సరిగా చేస్తే తినదగినదే. ప్రమాదమంతా నిల్వలో ఉంది. వానాకాలపు చెమ్మలో సరిగా ఎండని జీడికి బూజు పడుతుంది, ఆ బూజు విషం ఉడికించినా పూర్తిగా పోదు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024 నవంబరులో కంధమాల్ జిల్లాలో జీడి జావ తిన్నవారు చనిపోయినప్పుడు, అవి విషాహార మరణాలా ఆకలి మరణాలా అన్న వివాదం చెలరేగింది. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే పొరపాటని నా అభిప్రాయం. ఇంట్లో మంచి గింజ ఉన్నవారు బూజు పట్టిన పిండిని పారేస్తారు. లేనివారు దాన్నే కాచుకుంటారు. అడవి ఆహారాన్ని ఆరోగ్యమని పొగిడే పట్టణపు రాతల్లో కాశీపూర్ పేరు కనిపించకపోవడం లోపమే.

వానలకు మొలిచే వెదురు కొమ్ముల్లో కూడా సయనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, మూత పెట్టకుండా ఉడికించి ఆ నీళ్ళు పారబోయడం, లేదా ఒడియావారు కరడి చేసినట్టు కుండలో పులియబెట్టడం దాన్ని తగ్గిస్తుంది. అడవి దుంపల్లో కొన్నిటిని ముక్కలు చేసి రాత్రంతా పారే నీళ్ళలో ఉంచితే గాని విషం పోదు, వాటి జోలికి తెలిసినవారు పక్కన లేకుండా పోకూడదు. ఇవేవీ పండుగ వంటలు కావు. తొలివానలకు మొలిచే తగిరిస లేతాకును పెసరపప్పుతో వండుకోవడానికి మాత్రం పండుగ అక్కరలేదు.

చెట్టు లెక్కను చంద్రుడి లెక్కగా మార్చితే ఏమవుతుందో నువాఖాయి చూపిస్తుంది. పశ్చిమ ఒడిశాలో కొత్త బియ్యం తినే ఈ పండుగను ఒకప్పుడు ఊరి పంటను బట్టి వేర్వేరు రోజుల్లో జరిపేవారు. 1990ల ఆరంభం నుంచి భాద్రపద శుద్ధ పంచమి, అంటే మన వినాయక చవితి మర్నాడు, అందరికీ ఒకే తిథిగా స్థిరపడింది. దూర నగరాల్లో పనిచేసేవారు ఒకేసారి సెలవు పెట్టి ఇంటికి రావడానికి ఇది మేలే చేసింది. కానీ ఆ తిథి 2023లో సెప్టెంబరు 20న, 2025లో ఆగస్టు 28న పడింది. తొందరగా వచ్చిన ఏడు మెట్టభూముల్లోని స్వల్పకాలిక వరికి కూడా గింజ గట్టిపడి ఉండకపోవచ్చు. అప్పుడు పాత బియ్యంలో నాలుగు కొత్త గింజలు కలిపి నైవేద్యం పూర్తిచేస్తారు. ఉగాదికి దాచిన వేపపువ్వు చేసే పనే ఇక్కడ ఆ నాలుగు గింజలూ చేస్తున్నాయి.

గుణుపురం, సీతంపేట కొండల సవరలు జరిపే కంది కొత్తలు, అంటే కొత్త కంది తినే పండుగ, ఇంకా పంటను బట్టే నడుస్తున్నాయి. పోడులో తొలకరికి చల్లిన కంది చలికాలం చివర్లో చేతికొస్తుంది. కొత్తలు జరిగేదాకా కాయ కోయకూడదు. ఆ తరువాతే పచ్చి కందికాయలను ఉప్పునీటిలో ఉడకబెట్టుకు తినడం, పట్టణంలో పచ్చి కందులతో వంకాయ కూర వండడం. ఇదే కట్టుబాటు సార పండ్ల విషయంలో చాలాచోట్ల చెదిరిపోయింది. సారపప్పుకు మిఠాయి వ్యాపారంలో మంచి ధర ఉంది, చెట్టు ఉమ్మడి అడవిలో ఉంది, ఆగినవాడికి ఏమీ మిగలదు గనుక పండకముందే కొమ్మలు విరిచి కోసేస్తున్నారు. కంది అలా కాదు. అది చల్లిన కుటుంబానిదే, దొంగ కోతకు భయం తక్కువ. ప్రభుత్వ మద్దతు ధర కూడా ఎండిన కందికే గాని పచ్చి కాయకు లేదు. ఆగమని దేవత చెప్పినదీ, ఆగితే లాభమని సంత చెప్పినదీ ఒకటే అయినచోట కొత్తల తేదీకి ఇప్పటికీ ఎదురు చెప్పేవారు తక్కువ.